కవరు తీయని పక్క సీటు

విశాఖపట్నంలో పాత బండి కొన్నవారికి, ఆ బండిలో పాత యజమాని గడిపిన జీవితం కూడా బండితోపాటే బదిలీ అవుతుంది. ఇందులో వింతేమీ లేదు. స్టెప్నీ, జాకీ, రెండో తాళం ఎలా వస్తాయో ఇదీ అలాగే వస్తుంది. రవాణా శాఖ వారి ఆఫీసులో ఇందుకోసం ఒక కౌంటరు ఉంది, ఆ కౌంటరుకు భోజన విరామం కూడా ఉంది. బండితో సంబంధం లేకుండా గడిపిన జీవితం మాత్రం పాత యజమానికే చెందుతుంది. ఆ విషయంలో నిబంధన చాలా స్పష్టంగా ఉంది.

మజ్జి అప్పలనర్సయ్య ఉండే వీధిలోనే ఇందుకు నిదర్శనాలు బోలెడు. ఎదురింటి రిటైర్డ్ తాసిల్దారు గారు డ్రైవింగ్ స్కూలు వారి పాత కారు కొన్నారు. అప్పట్నుంచి ఆయన ఎవరి కారులో ఎడమవైపు కూర్చున్నా లేని బ్రేకును తొక్కుతూ, "క్లచ్చమ్మా, క్లచ్చు" అని బతిమాలుతూ ఉంటారు. మూలింటి ప్లీడరు గారు వంట మేస్త్రి వ్యాను కొని, పెళ్ళిళ్ళ సీజనులో తెల్లవారకముందే వంకాయలు బేరమాడడానికి వెళ్ళిపోతున్నారు. ప్లీడరు గారి భార్య మాత్రం ఆ వ్యానుకు శుక్రవారం శుక్రవారం పసుపు రాస్తోంది. పెళ్ళయ్యాక ఆయన వంట సంగతి పట్టించుకోవడం ఆవిడ చూసింది ఇప్పుడేనట.

అప్పలనర్సయ్య రొయ్యల ఎగుమతి కంపెనీలో మేనేజరు. నలభై దాటాక కొందరికి దేవుడి మీద భక్తి పుడుతుంది, కొందరికి షుగరు వస్తుంది. ఇతనికి జర్మనీ కార్ల మీద ప్రేమ పుట్టింది. అదీ ఆదివారాలు తుడుచుకుని మురిసిపోయే కారు కాదు, రోజూ ఆఫీసుకు తీసుకెళ్ళే కారు కావాలి. లోపల మెత్తగా ఉండాలి, తొక్కితే దూకాలి. కొత్తది కొనాలంటే సముద్రంలో రొయ్యలన్నీ తన పేరు మీద ఉండాలి కాబట్టి, పాతదే చూద్దామనుకున్నాడు. పైకి ఒప్పుకోకపోయినా ఈ ప్రేమ వెనక అతని భార్య నూకరత్నం ఉంది. ఆవిడ లెక్కల టీచరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ ఉదయం అతని స్కూటరు వెనక కూర్చుని స్కూలుకు వెళుతోంది. ఎండకు కమిలిపోయే, వానకు తడిసిపోయే ఆ మనిషిని ఒక్కసారి ఏసీలో, పక్క సీట్లో మహారాణిలా కూర్చోబెట్టాలని అతని కోరిక.

మద్దిలపాలెంలో పాత కార్లు అమ్మే గౌరీశంకరం అతన్ని ఆప్యాయంగా లోపలికి తీసుకెళ్ళాడు. ముందు తెల్ల సెడాన్ చూపించాడు.

"డాక్టరు గారి బండండి. సింగిల్ ఓనరు."

"మీ దగ్గర డాక్టరు గారిది కాని బండి ఉందా?"

"లేదండి. కానీ ఈయన నిజంగానే డాక్టరండి. కూకుని చూడండి."

అప్పలనర్సయ్య కూర్చున్నాడు. కూర్చోగానే ఎవరో పేషెంటు బంధువులు తనను వెతుకుతున్నట్టు అనిపించి, వంగి దాక్కున్నాడు. ఆ బండి వద్దన్నాడు. తర్వాత నల్లది, ఒక కాంట్రాక్టరుది. ఇంజను బ్రహ్మాండం, మైలేజీ మాత్రం అడగకూడదు. అయితే ముందు సీట్లో ఒక గన్‌మన్ కూర్చుని పల్లీలు తింటున్నాడు.

"ఈయన్ని దింపగలరా?"

"కంపెనీ ఫిట్టింగండి," అన్నాడు గౌరీశంకరం విచారంగా. "దింపితే సెన్సర్ లైటు వచ్చెస్తాది."

చివర్న నీలం రంగుది వచ్చింది. చిరుతపులి పడుకున్నట్టు నేలకు ఆనుకుని ఉంది. అది హోటళ్ళున్న ఒక రాజుగారిదట, విసుగు పుట్టి కరెంటు కారుకు మారారట. అప్పలనర్సయ్య స్టీరింగు పట్టుకోగానే రాజుగారి రోజంతా కళ్ళ ముందు కదిలింది. ఉదయం గోల్ఫు, తర్వాత చక్కెర లేని బత్తాయి రసం, సాయంత్రం బీచ్ రోడ్డు మీద ఒంటరిగా ఒక చుట్టు. ఎక్కడా గీత లేదు, సొట్ట లేదు, గొడవ లేదు.

"పక్క సీటు చూడండి," అన్నాడు గౌరీశంకరం గర్వంగా. "కంపెనీ కవరు కూడా తియ్యలేదు. ఇన్నేళ్ళలో ఒక్క మనిషి కూకోలేదండి."

అప్పలనర్సయ్య ఆనందం పట్టలేకపోయాడు. ఇంత కండిషన్లో ఉన్న సీటు కొత్త బండిలో కూడా దొరకదు. నూకరత్నం కోసమే దాచి ఉంచినట్టుంది.

బేరం కుదిరాక గౌరీశంకరం ఇంకో మాట చెప్పాడు. పాత స్కూటరు కూడా ఇచ్చేస్తే ఎక్స్‌చేంజ్ బోనస్ వస్తుంది. బోనస్ అంటే వద్దనే తెలుగువాడు ఇంకా పుట్టలేదు. ఇంటికి వచ్చి చెబితే నూకరత్నం మాత్రం ఉలిక్కిపడింది.

"కారు కొనండి, కాదన్ను. స్కూటరెందుకండీ అమ్మడం? అందులో ఏటుందో చూసుకున్నారా?"

"ఏముంది, డిక్కీలో ఒక గొడుగు, తుడుచుకునే గుడ్డ. రెండూ తీసేశాను."

ఆవిడ అతని మొహంలో వెలుగు చూసి, గొడుగు తీసుకెళ్ళి లోపల పెట్టింది. కారు నాడి ఇంత జాగ్రత్తగా చూసినవాడికి, స్కూటరుకు కూడా నాడి ఉంటుందని తట్టలేదు. దీపం కింద చీకటి.

రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు రెండు బళ్ళనూ ఒకే రోజు పరీక్షించారు. నీలం కారులో కళ్ళు మూసుకుని కూర్చుని రెండుసార్లు ఆవలించి, "బాగుంది, శుభ్రంగా ఉంది," అని స్టాంపు వేశారు. తర్వాత స్కూటరెక్కారు. ఎక్కగానే నవ్వడం మొదలుపెట్టారు. కడుపు పట్టుకుని నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. నూకరత్నం స్కూలు హెడ్మాస్టారు విగ్గు ఎగిరిపోయిన కథట, చెప్పబోయి నవ్వొచ్చి సగంలో ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. వెనక ఎవరో భుజం తట్టినట్టు ఒకసారి తిరిగి కూడా చూశారు.

"ఇందులో చానా ఉందండి," అన్నారు దిగుతూ. "ఇచ్చెస్తన్నారా?"

"ఇచ్చేస్తున్నానండి. బోనస్ ఉంది కదా."

ఇన్‌స్పెక్టరు వెనక సీటును ఇంకోసారి తడిమి, స్టాంపు వేశారు.

మర్నాడు ఉదయం నూకరత్నం పట్టుచీర కట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. అప్పలనర్సయ్య ఆవిడ కోసం తలుపు తీయాలనే అనుకున్నాడు, మనస్ఫూర్తిగా అనుకున్నాడు. కానీ ఆ కారులో గడిచిన జీవితంలో పక్క తలుపు తీయడమనే పని లేదు. ఆవిడ రెండడుగుల దూరంలో ఉండగా అతని కాలు దానంతటదే తొక్కింది, బండి దూకింది. అద్దంలో ఆవిడ చిన్నదైపోయింది. ఆ క్షణంలోనే అతను బ్రేకు తొక్కాలనుకున్నాడు. కానీ స్పోర్ట్ మోడ్ అంటే స్పోర్ట్ మోడే కదా! వీధి చివరకు వచ్చేసరికి అతను గట్టిగా నవ్వుతున్నాడు.

గేటు దగ్గర ఎక్కువసేపు నిలబడాల్సిన అవసరం ఆవిడకు రాలేదు. లంకెలపాలెం ఎలక్ట్రీషియను ఈశ్వర్రావు, గౌరీశంకరం దగ్గర ఆ స్కూటరు కొన్నాయన, చట్టప్రకారం టైముకి వచ్చి ఆగాడు.

"ఎక్కండి టీచరుగోరూ, బెల్లు కొట్టెస్తారు."

వీధిలో ఎవరూ తల తిప్పి చూడలేదు. తాసిల్దారు గారు మాత్రం కుడి కాలు గాల్లో తొక్కి, జాగ్రత్తగా వెళ్ళమన్నారు.

అప్పలనర్సయ్య దినచర్య సుఖంగా సాగింది. ఉదయం గోల్ఫు ఆడేవాడు, ఆటంటే ఏమిటో తెలియకపోయినా చేతికి తెలుసు. స్పీడు బ్రేకరు కనిపిస్తే కారు పొట్ట గీసుకోకుండా ఏటవాలుగా ఎక్కించేవాడు, వెనక ఆటోవాళ్ళు అతని వంశాన్ని తలచుకునేవారు. పెట్రోలు బంకులో అతన్ని ఇంటి అల్లుడిలా చూసుకునేవారు. బండి ముందున్న కంపెనీ బిళ్ళ పగిలితే అది జర్మనీ నుంచి ఓడలో వచ్చేదాకా ఆగాడు, ఆగడంలో కూడా ఒక హోదా ఉందని తెలుసుకున్నాడు.

ఇంట్లోనే ఒక చిక్కు వచ్చింది. భార్యాభర్తలకు మాటలు లేవు. కోపమేమీ లేదు. వాళ్ళు ఇన్నేళ్ళూ మాట్లాడుకున్నదంతా స్కూటరు మీదే, ఇంట్లో మాట్లాడుకున్నది తక్కువ. ఆ తక్కువ మాత్రం వాళ్ళకు మిగిలింది.

"మోటారు వేశారా?"

"వేశాను."

"పాలు?"

"తెచ్చాను."

ఒకరోజు అప్పలనర్సయ్య తట్టుకోలేక గౌరీశంకరం దగ్గరికి వెళ్ళి, స్కూటరు తిరిగి కొనుక్కుంటానన్నాడు. ఎంతైనా సరేనన్నాడు.

"ఈశ్వర్రావుని అడిగానండి. ప్రాణం పోయినా అమ్మనన్నాడు," అన్నాడు గౌరీశంకరం. "అలాటి బళ్ళు మార్కెట్లోకి ఒక్కసారే వస్తాయి బాబూ. అమ్మినోళ్ళకి తెలీక వస్తాయి."

వారం తర్వాత సిరిపురం సిగ్నలు దగ్గర స్కూటరు వచ్చి అతని పక్కనే ఆగింది. వెనక నూకరత్నం చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది, ఈశ్వర్రావు సగం వెనక్కి తిరిగి వింటున్నాడు. అద్దాలు బిగించి ఉన్నాయి, లోపలికి చప్పుడు రాదు. జర్మనీ వాళ్ళ పనితనం అలాంటిది. అయినా ఆవిడ ఈశ్వర్రావు భుజం మీద రెండుసార్లు తట్టగానే, విగ్గు ఎగిరిపోయిందని అప్పలనర్సయ్యకు తెలిసిపోయింది. ముగ్గురూ ఒకేసారి నవ్వారు. లోపల నవ్విన మనిషికి మాత్రం కళ్ళు మసకబారాయి.

నవ్వు ఆపుకుంటూ నూకరత్నం ఇటు తిరిగింది. నల్లటి అద్దంలో ఆవిడకు తన మొహమే కనిపించి ఉంటుంది. చెంపకు అంటుకున్న జుట్టు సర్దుకుని, కారును ముందు నుంచి వెనక దాకా చూసింది. ఆవిడ పెదవులు కదిలాయి. "ఎంత బాగుందో," అంది.

అప్పలనర్సయ్య ఛాతీ గర్వంతో పొంగింది. అద్దం దించబోయాడు, చెయ్యి బటన్ దాకా వెళ్ళింది. బయట దుమ్ము, ఎండ. పచ్చ లైటు పడింది. స్కూటరు ఎడమకు తిరిగి స్కూలు వైపు వెళ్ళిపోయింది, కారు నేరుగా గోల్ఫు మైదానం వైపు దూకింది.

పక్క సీటు కవరు అతను ఇప్పటికీ తీయలేదు. తీస్తే రేపు అమ్మేటప్పుడు రేటు తగ్గుతుంది.