బిస్కట్టమ్మ మరణ ప్రకటన

మనిషి ఒక దేశానికి చెందుతాడని తేల్చడానికి, ఆ దేశంలో పుట్టడం కంటే నమ్మకం లేని పద్ధతి మరొకటి లేదని సెయింట్ ఎలోయ్ ద్వీప ప్రభుత్వం అందరికంటే ముందే కనిపెట్టింది. పుట్టేవాడు ఏ దరఖాస్తూ నింపకుండా పుడతాడు. రుసుము కట్టడు. రెండు ఫొటోలు తేడు. పైగా వచ్చీ రాగానే ఏడుస్తాడు కాబట్టి, ఈ దేశంలో ఉండటం అతనికి ఇష్టమో కాదో కూడా తేలదు. అదే పెట్టుబడి పెట్టి పౌరుడయ్యేవాడైతే అన్నీ వివరంగా రాసి, సంతకం చేసి, డబ్బు కట్టి, నవ్వుతూ ఫొటో దిగుతాడు. (ఫొటోలో నవ్వకూడదన్న నియమం కింది అంతస్తు వాళ్లకే.)

రాజధానిలో కొండ మీద ఒకే పసుప్పచ్చ కట్టడంలో రెండు కార్యాలయాలున్నాయి. పై అంతస్తులో పెట్టుబడి పౌరుల శాఖ. అక్కడ చల్లగాలి యంత్రం, కొబ్బరి కేకు, తొంభై రోజుల్లో పౌరసత్వం. అడిగేవాడు ద్వీపానికి రానక్కర్లేదు. అది పటంలో ఎక్కడుందో తెలియకపోయినా ఎవరూ తప్పు పట్టరు. కింది అంతస్తులో జనన మరణాల కార్యాలయం. అక్కడ ఒక బల్ల, ఒక ఫ్యాను, ఒక క్యూ. ఫ్యాను క్యూ వైపు తిరగదు.

ఆ క్యూలో మంగళవారం ఉదయం బిస్కట్టమ్మ నిలబడింది.

బిస్కట్టమ్మకు డెబ్బై ఒకటి. గ్రీవ్ అనే సముద్రపు ఒంపులో ఆమెకు రెండు గదుల చెక్క ఇల్లుంది, ఇంటి ముందు పొయ్యి ఉంది. ఆ పొయ్యి మీద రోజూ ఉప్పు చేప, వేపుడు రొట్టె చేసి అమ్ముతుంది. చిన్నప్పుడు ఓడలోంచి దిగిన బిస్కట్ల పెట్టెలో దాక్కుని సగం పెట్టె ఖాళీ చేసినందుకు ఆ పేరు వచ్చింది. పోయిన వారం ఆమెకు ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది. తీరానికి వంద అడుగుల లోపల ఇల్లు పౌరులకే ఉండాలి కనుక, నెలాఖరులోగా తాను పౌరురాలినని నిరూపించుకోవాలి, లేదా ఇల్లు ఖాళీ చెయ్యాలి. (విదేశీయులు తీరాన్ని కాజెయ్యకుండా ఉండేందుకు చేసిన చట్టమిది. అది వచ్చిన రోజున బిస్కట్టమ్మ కూడా చప్పట్లు కొట్టింది. ఆ తరవాత విదేశీయులు తొంభై రోజులు ఓపిక పట్టారు.) ఆ స్థలం ఖాళీ అయితే తీసుకుని హోటలు కట్టడానికి వోల్మర్ అనే పౌరుడు సిద్ధంగా ఉన్నాడు. ఆయన ఈ దేశాన్ని ఇంకా చూడలేదు కానీ, దరఖాస్తులో మూడు చోట్ల ‘నా మాతృభూమి’ అని రాశాడు.

బల్ల వెనక గుమాస్తా వెర్లీన్ కలం ఎత్తింది.

“పేరు?”

“తెలీనట్టు అడుగుతావేంటే? మొన్న శుక్రవారమేగా నా దగ్గర మూడు రొట్టెలు తిని, నాలుగోది సంచిలో వేసుకుపోయావు!”

“నాకు తెలుసత్తా. ఆఫీసుకి తెలీదు.”

“బిస్కట్ అని రాసుకో.”

“అసలు పేరు చెప్పు.”

అది బిస్కట్టమ్మకే తెలియదు. ఆ ద్వీపంలో జ్ఞానస్నానపు పేరు పెట్టి ఎవరినీ పిలవరు. పిలిస్తే సముద్రం వింటుంది, విన్న పేరు అది మరిచిపోదు. అందుకని ఆ పేరు తల్లి దగ్గరా, జ్ఞానతల్లి దగ్గరా భద్రంగా ఉంటుంది. దాన్ని పైకి పలికేది రెండే సార్లు. చర్చిలో నెత్తిన నీళ్లు పోసినప్పుడు ఒకసారి, మనిషి పోయాక రేడియోలో మధ్యాహ్నపు మరణ వార్తల్లో రెండోసారి. బిస్కట్టమ్మకు నాలుగేళ్లప్పుడు వచ్చిన తుఫాను ఆమె తల్లినీ, ఊరి జననాల పుస్తకాన్నీ, చర్చి పైకప్పునూ పట్టుకుపోయింది. పైకప్పు మాత్రం పక్క ద్వీపంలో దొరికింది.

“ఓట్ల జాబితాలో బిస్కట్ అనే ఉందే! పదకొండుసార్లు ఓటేశాను.”

“ఓటుకి పౌరసత్వం కావాలి కానీ, పౌరసత్వానికి ఓటు చాలదత్తా.”

“పోనీ సాక్షుల్ని తెస్తా. మా ఒంపులో వాళ్లంతా నన్ను పుట్టినప్పట్నుంచీ ఎరుగుదురు.”

“వాళ్లకి కాగితాలున్నాయా?”

“వాళ్లూ నీ క్యూలోనే ఉన్నారు. నా వెనక.”

వెనక నిలబడ్డ పార్సన్ చెయ్యి ఊపాడు. (అతను జాలరి. జ్ఞానస్నానం తరవాత మళ్లీ చర్చి గడప తొక్కలేదు కనక ఊరు అతన్ని వెటకారంగా పార్సన్, అంటే పాస్టరుగారు, అని పిలుచుకుంటుంది.)

వెర్లీన్ జాలిగుండె పిల్ల. నిబంధనల పుస్తకం తీసి వేలితో వెతికింది. “పద్నాలుగో నియమం ప్రకారం ఒక దారుంది. అసలు పేరు, పిలిచే పేరు, ఊరు, అమ్మా నాన్నల పేర్లు. ఈ నాలుగూ కలిసి ఉన్న ప్రభుత్వ ప్రకటన ఏదైనా చెల్లుతుంది.”

“అలాంటిది ఎక్కడుంటుందే?”

వెర్లీన్ గొంతు తగ్గించింది. “పన్నెండున్నరకి. రేడియోలో.”

క్యూలో ఇద్దరు శిలువ గుర్తు వేసుకున్నారు.

“అంటే నన్ను చావమంటావా?”

“అయ్యో, నేనెందుకంటాను? ప్రకటన కావాలన్నానంతే. నిజంగా చచ్చారా లేదా అని చూడ్డం మా పని కాదు, ఆరోగ్యశాఖది. వాళ్ల జీపు చెడిపోయి రెండేళ్లయింది.”

బిస్కట్టమ్మ జ్ఞానతల్లి పేరు సెరాఫీన్. తొంభై ఆరేళ్లు. పళ్లు లేవు కానీ పట్టుదల మొత్తం ఉంది. బిస్కట్టమ్మ వెళ్లేసరికి ఆవిడ సీమపనస చెట్టు కింద నలుగురు మగవాళ్లను కూర్చోబెట్టి డామినోల్లో ఓడిస్తోంది.

“నా పేరు చెప్పు పెద్దమ్మా.”

“చావు, చెప్తా.”

“ఇల్లు పోతుందమ్మా.”

“బతికున్నవాళ్లకి చెబితే సముద్రం ఊరుకుంటుందా? నీ అమ్మకి మాటిచ్చాను. నువ్వు పోగానే చెబుదామని డెబ్బయ్యేళ్లుగా నోట్లో పెట్టుకు కూర్చున్నా. నువ్వే తెమలట్లేదు.”

“అయితే రేపు చస్తాను.”

“రేపు నాకు పందెం ఉంది. ఎల్లుండి చావు.”

గురువారం పొద్దున సెరాఫీన్ రేడియోవారికి పేరు చెప్పి వచ్చింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు ద్వీపం యథాప్రకారం ఆగిపోయింది. మరణ వార్తల సమయంలో అక్కడ బస్సులు కూడా నడవవు. ఎవరు పోయారో తెలియకుండా ఎక్కడికని వెళ్తారు? బిస్కట్టమ్మ పొయ్యి దగ్గర రొట్టె తిరగేస్తోంది.

“మరీ క్లోతిల్డ్ యుడోక్సీ లారోండ్,” అంది రేడియో బరువుగా. “అందరికీ బిస్కట్‌గా తెలిసినవారు, గ్రీవ్ ఒంపు వాసి, కీర్తిశేషులు ఆల్బెర్తీన్, తెయొఫిల్ దంపతుల కుమార్తె, స్వర్గస్థులైనారని తెలియజేయడానికి చింతిస్తున్నాము. చెప్పుకుంటూ పోతే తరగనంత మంది మిత్రులు.”

రొట్టె మాడింది. బిస్కట్టమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడింది. మరీ క్లోతిల్డ్ యుడోక్సీ. పసిపిల్లకు ఇంత పేరు పెట్టి, ఎవరికీ వినబడకుండా దాచి వెళ్లిపోయిందన్నమాట అమ్మ. ఆమె ఆ పేరును పెదాలతో ఒకసారి అనుకుంది, సముద్రం వైపు వీపు పెట్టి.

అప్పటికే జనం రావడం మొదలైంది. మరణ వార్త విన్నాక వెళ్లకపోవడం మర్యాద కాదు. శవం ఎదురొచ్చి కుర్చీ వేసిందని వెనక్కి తిరిగిపోవడం అంతకన్నా మర్యాద కాదు. రమ్ము సీసాలు వచ్చాయి. పాటలు పాడారు. తన చావుకు వచ్చినవాళ్లకు వండిపెట్టడానికి వేరే ఎవరూ లేరు కాబట్టి బిస్కట్టమ్మే వండింది.

“చచ్చినదానివి, కాస్త ఉప్పు తగ్గించి వెయ్యి,” అన్నాడు పార్సన్.

“బతికున్నవాడివి, కాస్త తక్కువ తిను.”

“చాలా మంచి మనిషి,” అన్నాడు పార్సన్ పక్కవాడితో, కళ్లు తుడుచుకుంటూ. “ఆ నోరొక్కటే కాస్త దురుసు.”

శుక్రవారం ఆమె రేడియోవారు ముద్ర వేసిచ్చిన ప్రకటన ప్రతి తీసుకుని కింది అంతస్తుకు వెళ్లింది. వెర్లీన్ లేచి నిలబడి ముందు సంతాపం చెప్పింది, తరవాత అభినందించింది. ధ్రువపత్రం రాసి, రెండు ముద్రలు కొట్టింది.

“ఇదిగో అత్తా. పుట్టినప్పట్నుంచీ నిన్న పన్నెండున్నర దాకా నువ్వు ఈ దేశానికి నిఖార్సైన పౌరురాలివి.”

“పన్నెండున్నర తరవాత?”

“కీర్తిశేషురాలివి.”

“మరి నా ఇల్లు?”

వెర్లీన్ నిబంధనల పుస్తకం చూసి ముఖం చిన్నబుచ్చుకుంది. “బతికున్న పౌరులకే అని ఉంది.”

“నీ ఎదురుగా ఊపిరి పీలుస్తున్నాగా!”

“ఊపిరికి ఇందులో గడి లేదత్తా. కొత్తగా పౌరసత్వం ఇచ్చేది పై అంతస్తులోనే. ఒక్కసారి వెళ్లి అడుగు.”

పై అంతస్తులో డెల్మార్ అనే అధికారి ఆమెను సోఫాలో కూర్చోబెట్టి కేకు పెట్టాడు. (ఈ అంతస్తులో కీర్తిశేషులు కూడా మొదట కొనుగోలుదారులే.) దరఖాస్తు తెరిచి మర్యాదగా అడిగాడు.

“మేడం, మీరు ఇంతకుముందు ఎప్పుడైనా మా ద్వీపానికి వచ్చారా?”

“డెబ్బై ఒక్క ఏళ్లుగా ఇక్కడే ఉన్నాను.”

డెల్మార్ కలం ఆగింది. “ఒక్కరోజు కూడా వెళ్లకుండానా?”

“ఎక్కడికి వెళ్తాను?”

“క్షమించాలి మేడం. ఇంత అలవాటున్నవాళ్లని తీసుకోవడం మా శాఖకి చాలా ప్రమాదం. అలాంటివాళ్లు పౌరసత్వం పుచ్చుకుని ఇక్కడే ఉండిపోతారు.”

బిస్కట్టమ్మ ఇంకో కేకు ముక్క తీసుకుని కిందికి దిగింది. నెలాఖరుకు మూడు రోజులుంది. బయటికి వెళ్లిపోతుంటే వెర్లీన్ పిలిచింది.

“అత్తా, నీ మరణ పుస్తకంలో ఒక్క గడి మిగిలిపోయింది. ఎక్కడ పాతిపెట్టారు?”

బిస్కట్టమ్మ గుమ్మంలో ఆగింది. ఆ ద్వీపంలో తమవాళ్లను తమ పెరట్లోనే పాతిపెట్టుకుంటారు. సమాధి ఉన్న నేలను ఎవరూ కొనకూడదు, అమ్మకూడదు, కదిలించకూడదు. తీరం చట్టం రాసినవాళ్లు కూడా ఆ ఒక్క ఆచారం జోలికి పోలేదు. వాళ్ల నాయనమ్మలు కూడా ఎక్కడో ఒక పెరట్లోనే ఉన్నారు.

“మా పొయ్యి పక్కన,” అంది బిస్కట్టమ్మ నెమ్మదిగా. “సముద్రానికి నలభై అడుగులు.”

వెర్లీన్ నిబంధనల పుస్తకం మూసి పక్కన పెట్టింది. తరవాత చక్కటి అక్షరాలతో రాసింది.

“సమాధి కొలత?”

“రెండు గదులు, ఒక వసారా.”

“ఎంతకాలం ఉంటావు?”

“ఖాళీ చేసే ఉద్దేశం లేదు.”

వోల్మర్‌గారి వకీలు తరవాత ఒక ఫిర్యాదు పంపాడు. సమాధిలోంచి ఉదయం ఆరు నుంచే వేపుడు వాసన వస్తోందనీ, సమాధి ముందు జనం వరస కట్టి చిల్లర అడుగుతున్నారనీ దాని సారాంశం. మృతులకు తగిన గౌరవం ఇవ్వడం ప్రతి పౌరుడి విధి అని జనన మరణాల కార్యాలయం ఆయనకు జవాబు రాసింది. ఏడాదికోసారి ఒక తనిఖీ అధికారి వచ్చి, మృతురాలు సమాధిలోనే ఉందని చూసుకుని, ఆమె చేత సంతకం చేయించుకుని, రెండు రొట్టెలు తిని వెళ్తాడు. ఆమె పూర్తి పేరు రాస్తుంది. దానికి చోటు చాలడం లేదని ఈ మధ్యే గీత పొడవు పెంచారు.

పార్సన్ ఇల్లు ఆగస్టులో పడగొట్టారు. అతనూ అదే దారి పడదామనుకున్నాడు కానీ, పేరు తెలిసిన జ్ఞానతల్లి ఎప్పుడో పోయింది. ఆ ముసలావిడ లేకుండా అతను చట్టప్రకారం చావలేడు. ఇప్పుడు కొండ మీద అద్దె గదిలో ఉంటూ, రోజూ దిగివచ్చి బిస్కట్టమ్మ వసారాలో వల అల్లుకుంటాడు.

గ్రీవ్ ఒంపులో పుట్టినవాళ్లలో, ఇప్పటికీ ఆ తీరాన సొంత ఇల్లున్నది ఆమెకొక్కదానికే. మిగతావాళ్లంతా, పాపం, ఇంకా బతికే ఉన్నారు.