నక్కగారి బావమరిది

ఒక పెద్ద అడవిలో నక్కకి ఇటుకబట్టీ ఉంది. ఇటుకలు మోసేది పది గాడిదలు. ఆయాసపడేది మాత్రం నక్క.

రాజుగారు రోగాల బీమా పెట్టారు. పదిమంది పనివాళ్లున్న చోటల్లా, పనివాడు నెలకో గుప్పెడు గింజలు, వాడి తరఫున యజమాని నాలుగు గుప్పెళ్లు పొయ్యాలి. అప్పుడు ఒంటికి ఏమొచ్చినా ఎలుగుబంటి ఆస్పత్రిలో ఊరికే వైద్యం. మంచాన ఉన్నన్నాళ్లూ సగం దాణా. పదికి ఒకరు తగ్గితే బీమా లేదు.

ఆ చివరి మాటొక్కటే నక్క చెవికెక్కింది.

తలలు లెక్కపెట్టడానికి ఏనుగు ఇన్స్పెక్టరు వచ్చింది.

"నాకున్నది తొమ్మిదిమందేనండీ," అంది నక్క.

"మరి ఆ పదోవాడు?"

"ఎల్లమందా? వాడు మా బావమరిది. చుట్టపుచూపుగా వచ్చి, ఊరికే కూర్చోలేక నాలుగిటుకలు మోస్తున్నాడు."

"నక్కకి గాడిద బావమరిదా?"

"మా ఆవిడ పుట్టింటివైపు చెవులు కాస్త పెద్దవి లెండి."

ఏనుగు చదువుకున్నది. కంటిని నమ్మదు, కాగితాన్ని నమ్ముతుంది. 'బావమరిది' అని రాసి, నక్క చేత కాలిముద్ర వేయించుకుని పోయింది.

వారం తిరక్కుండా ఇటుకల దొంతర కూలి ఎల్లమంద కాలు విరిగింది. కుంటుకుంటూ ఆస్పత్రికి పోతే, "బీమా కార్డేదిరా?" అంది ఎలుగుబంటి.

"లేదయ్యా. నేను పనివాణ్ని కాదంట, బావమరిదినంట."

"అయితే మీ బావ దగ్గరికే పో."

కాలు అతక్కపోతే అడవిలో కుంటిగాడిద బతుకెంత? పులి ఆవలించినంతసేపు. ఎల్లమంద పోయి నక్క గుమ్మంలో కూలబడింది.

"బావా, కాలు!"

"ఎవడ్రా నీకు బావ? లే అవతలికి!"

లోపల్నుంచి నక్కమ్మ వచ్చింది. చెవుల సంగతి ఆవిడ చెవిన అప్పటికే పడింది. "మా పుట్టింటివాణ్ని గుమ్మంలోంచి తరుముతావా? రా తమ్ముడూ, మంచమ్మీద పడుకో."

అది విని మిగతా తొమ్మిదీ ఇటుకలు దించేశాయి. "వాడు మా తోడబుట్టినవాడు. అంటే మేమూ బావమరుదులమే. బావమరుదులు ఇటుకలు మొయ్యరు. అక్కా, కూరేంటి?"

నక్క ఏనుగు దగ్గరికి పరుగెత్తింది. "అయ్యా, పదిమందీ పనివాళ్లే! రాసుకోండి!"

"రాస్తాను. ఈ నెలనుంచే గింజలు పొయ్యి. కొత్తపేరుకి వైద్యం మాత్రం మూణ్ణెల్లు పోశాకే. అందాకా పాత కాగితమే చెల్లుతుంది. చుట్టం కాలు చుట్టమే చూసుకోవాలి."

వెదురుబద్దలు కట్టిందీ, ఆముదం రాసిందీ నక్కే.

"అంత గట్టిగా కాదు బావా," అంటుంది ఎల్లమంద. "ఇంకో కాలు కూడా లాగుతోంది, చూడు."

నీతి: నాలుగు గుప్పెళ్లు మిగుల్చుకోదలచినవాడు ముందుగా గాడిద కాళ్లు పట్టడం నేర్చుకోవాలి.