బైండు చేసిన కత్తి

ఆ రోజు బైండింగ్ మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. పదింటికి కూతురు పెద్దాసుపత్రి వంటశాలలో ఉద్యోగ పరీక్షకు వెళ్లాలి. ఎవరి కత్తి వాళ్లే తెచ్చుకోవాలని ఉత్తరంలో రాశారు. నిన్న ఆమె కత్తికి సాన పట్టించి, పాత పేపర్లో చుట్టి సంచిలో వేసుకొస్తే, అది పేపరునీ సంచినీ చీల్చుకుని బయటికొచ్చి ఆమె చూపుడు వేలి మీద గీత పెట్టింది. రెండేళ్లుగా ఆమెకు నిలకడైన పని లేదు. ఈ పూట ఆ వేలు మళ్లీ తెగడానికి వీల్లేదనుకుని, మాస్టారు ఆరింటికే ఒర తయారీకి కూర్చున్నారు.

ముప్ఫై ఏళ్లు కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు బైండు చేసిన చేతులవి. ప్లాస్టిక్ పైపు ముక్కను నిలువునా చీల్చి, మరుగుతున్న నీళ్లలో ముంచారు. అది మెత్తబడగానే కత్తి చుట్టూ మడిచి, రెండు చెక్కల మధ్య బిగించి, మీద నిఘంటువు రెండు సంపుటాలు పెట్టారు.

ఇక పైకి తోలు కావాలి. అటక మీద భార్య హ్యాండ్‌బ్యాగు ఉంది. ఆమె పోయి నాలుగేళ్లయింది. తెరిస్తే లోపల ఒక పిన్నీసు, అక్షరాలు చెరిగిపోయిన బస్సు టికెట్టు కనిపించాయి. "నీ కూతురి వేలి కోసమేలే" అని బ్యాగుకు నచ్చజెప్పి, దాని మూత మాత్రం కత్తిరించారు. పిన్నీసు జేబులో వేసుకున్నారు. తోలు నానబెట్టి, జిగురు రాసి, ప్లాస్టిక్ మీదికి లాగి అతికించి, దబ్బనంతో అంచులు కుట్టారు. వెలిసిన చోట్ల లైబ్రరీ కాలం నాటి ఎర్ర సిరా అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టారు.

ఇదంతా కత్తిని లోపల ఉంచే చేశారు. అట్టకీ పుస్తకానికీ మధ్య గాలి దూరితే అది బైండింగే కాదన్నది ఆయన సిద్ధాంతం. పుస్తకాన్ని ఎవరూ అట్టలోంచి బయటికి లాగరన్న సంగతి ఆయనకు తట్టలేదు.

తొమ్మిదింటికి కూతురు ముస్తాబై వచ్చింది.

"అబ్బ, ఎంత బాగుంది నాన్నా! ఈ తోలు..." ఆమె ఒరను వెలుగులోకి తిప్పి చూసింది. "అమ్మ బ్యాగు కోసేశావా?"

"మూత ఒక్కటే అమ్మలూ."

 ఆమె ఆ తోలును బొటనవేలితో ఒకసారి రాసి, పిడి పట్టుకుని లాగింది. కత్తి రాలేదు. మాస్టారు లాగారు. రాలేదు. 

సగం గడ్డం గీసుకున్న అల్లుడు మొహం నిండా నురగతో పరిగెత్తుకొచ్చాడు. "ఇలా ఇవ్వండి మామయ్యా. దీనికి పట్టు తెలియాలి."

పట్టు తెలిసినవాడు లాగినా అది కదల్లేదు. తర్వాతి పది నిమిషాలు తెరిచి ఉన్న వీధి తలుపులోంచి మేడ మెట్ల దాకా వినిపించిన మాటలు ఇవి:

"పిడి దాకా దిగిపోయింది మామయ్యా! బయటికి రావట్లేదు!"

"నువ్వు కాలితో తొక్కిపట్టు, నేను లాగుతా!"

"అయ్యో, మెల్లిగా! తోలు చిరిగిపోతుంది!"

మేడ మీద ఉండే నర్సమ్మ ముప్ఫై అయిదేళ్లు ఆపరేషన్ వార్డులో చేసి రిటైరయింది. మెట్ల మీంచి తొంగి చూస్తే ఆమెకు మణికట్ల దాకా ఎర్రబడిన మాస్టారి చేతులు, నేల మీద మోకాళ్లూనిన అల్లుడి వీపు కనిపించాయి.

"లాగొద్దు!" అని ఆమె అరిచిన అరుపుకు కిటికీ మీద పిట్టలు లేచిపోయాయి. "దిగిన కత్తిని దిగినట్టే వదిలెయ్యండి! లాగితే రక్తం ఆగదు!"

అల్లుడు చటుక్కున పిడి వదిలేశాడు. ఒరకు రక్తమేమిటో మాస్టారికి అంతుబట్టలేదు. ఆయన నోరు పెగుల్చుకునేలోపు ఆమె ఫోను చేయడం, సందు చివర సైరన్ మోగడం కూడా అయిపోయాయి.

ఇద్దరు మనుషులు స్ట్రెచర్‌తో లోపలికొచ్చారు. "దెబ్బ తగిలింది ఎవరికి?"

"ఎవరికీ కాదు బాబూ. ఒర బిగుసుకుంది, అంతే."

నర్సమ్మ మాస్టారి వైపు వేలు చూపించింది. "మరి... ఆ చేతులు?"

"ఎర్ర సిరా అమ్మా."

"ఖాళీ బండితో వెనక్కెళ్లి నేనేం చెప్పుకోను?" అని డ్రైవరు తల పట్టుకున్నాడు.

కూతురు గడియారం చూసింది. తొమ్మిదీ ముప్ఫై అయిదు. "పెద్దాసుపత్రికేగా? నన్నూ ఎక్కించుకోండన్నా. పదింటికి నాకు పరీక్ష ఉంది."

"ఏం పరీక్షమ్మా? రక్తమా, ఎక్స్‌రేనా?"

"కూరగాయలు తరగడం."

మాస్టారు కూడా ఎక్కి స్ట్రెచర్ అంచున కూర్చున్నారు. ఆయన చెమటలు చూసి రెండోవాడు ఊరికే బీపీ పట్టీ చుట్టాడు. అంకె చూడగానే వాడి కళ్లు పెద్దవయ్యాయి. "అన్నా, పేషెంటు దొరికాడు!" అని డ్రైవరుకు కేకేసి, మాస్టారి చొక్కా గుండీలు ఊడదీసి పడుకోబెట్టాడు. తల కింద దిండు మాత్రం మెత్తగా సర్దాడు.

ఆసుపత్రి గేటు దగ్గర కూతురు దిగి పరిగెత్తుతుంటే మాస్టారికి మెరుపులా తట్టింది. వేడికి వంగిన ప్లాస్టిక్కు మళ్లీ వేడికే వదులవుతుంది!

"అమ్మలూ! వేణ్నీళ్లు!" అని లేవబోయారు.

"ఇస్తాం తాతగారూ, ముందు పడుకోండి" అని వాళ్లు చక్రాలు తిప్పారు.

కూతురికి వినపడిందో లేదో తెలియదు. గంటన్నర పాటు ఛాతీకి వైర్లు పెట్టుకుని, పైకప్పు కేసి చూస్తూ, ఉద్యోగం పోగొట్టిన తండ్రిగా మాస్టారు తనను తాను తిట్టుకున్నారు. అంతా బాగానే ఉందని వదిలేసేసరికి చొక్కాకు రెండు గుండీలు లేవు. జేబులోని పిన్నీసు అప్పుడు అక్కరకొచ్చింది.

గార్డు కుర్చీ వేసుకుని కూర్చున్న వంటశాల తలుపు దగ్గరికి వెళ్లేసరికి కూతురు నవ్వుతూ ఎదురొచ్చింది.

"సోమవారం నుంచి రమ్మన్నారు నాన్నా! కత్తి ఊడి బయటికొచ్చేలా ఉంటే లోపలికి రానివ్వరట. పేపర్లో చుట్టుకొచ్చిన నలుగుర్నీ వెనక్కి పంపేశారు. ఈ గార్డన్న నా ఒర పట్టుకుని రెండు చేతులా లాగాడు. ఊడకపోతే 'దీంతో ఎవర్నీ ఏం చెయ్యలేవు, పోమ్మా' అన్నాడు."

"మరి వేణ్నీళ్లు?"

"నీ కేక అక్కడ వినపడనిది ఎవరికి? ఆవిరి మీద పట్టగానే జారి వచ్చేసింది. తర్వాత కత్తికి రెండు చుట్లు కాగితం చుట్టి, చల్లారే దాకా మళ్లీ లోపల పెట్టా. తోలు కొంచెం నల్లబడింది. అమ్మ ఏమీ అనుకోదులే. ఇప్పుడు చూడు!"

కత్తి వెన్నలోంచి వచ్చినట్టు వచ్చింది. మాస్టారు నల్లబడిన తోలు అంచును వేలితో తడిమారు.

గార్డు కుర్చీలోంచి లేచాడు. కత్తినీ ఒరనూ వేరువేరుగా పట్టుకుని ఒకటికి రెండుసార్లు చూశాడు. తర్వాత రిజిస్టరు తెరిచి, పొద్దుటి వరుసలో తాను రాసిన 'తోలు వస్తువు' అన్న మాట కొట్టేసి, 'ఆయుధం' అని రాసి, తండ్రినీ కూతుర్నీ సంతకం పెట్టమన్నాడు.