మూడో డిస్కు కనబడుట లేదు

"బామ్మర్దీ! ఈ బుర్రకి చిక్కని నేరస్థుడు ఇంకా పుట్టలేదు!" అని ప్రకటించి మా బావ భూతద్దం తీశాడు. ఆఫీసులో ఆయన గుమాస్తా, ఇంట్లో డిటెక్టివ్. ఇంతవరకు ఆయన పట్టుకున్న దొంగ ఒక్కడూ లేడు. ఆయన్ని పట్టుకున్న జలుబులు మాత్రం బోలెడు.

మా అక్క పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్. ఫోటోలన్నీ కంప్యూటరుకి తగిలించిన, నాలుగు డిస్కులున్న ఒక పెట్టెలో దాస్తుంది. ఒక డిస్కు పోయినా మిగతావి కాపాడతాయి, రెండోదీ పోతే అన్నీ గల్లంతే. కొన్నాళ్లుగా ఆ పెట్టె కీచుమంటోంది. తెర మీద "మూడో డిస్కు కనబడుట లేదు" అని వస్తోంది. కాసేపటికి అదే తిరిగొస్తోంది, మళ్లీ పోతోంది.

సాయంత్రానికి ఒక పెళ్లికూతురికి ఫోటోలు ఇవ్వాలి. పెళ్లైన కొద్దిరోజులకే ఆ పిల్ల నాన్న పోయాడు. ఆయన మనసారా నవ్విన ఫోటోలు ఇవే. అక్కకి కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

"ఏమండీ, మెకానిక్‌ని పిలుస్తాను."

"పిలిస్తే నేరస్థుడు జాగ్రత్తపడతాడు! వాడు నేరస్థలానికి మళ్లీ వచ్చి తీరతాడు. బామ్మర్దీ, కేసు తెరువు!"

"స్క్రూడ్రైవర్ ఇవ్వు బావా."

మూత తీశాను. పోయిన నెల బావ ముచ్చటపడి లోపల పెట్టిన రంగు దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. ఆయన మూడో డిస్కుని నిలదీశాడు.

"మాటిమాటికీ ఎక్కడికి పోతున్నావ్?"

అది నోరు మెదపలేదు.

"ముదురు!" అని, పెట్టె ఆపించి, మూడో డిస్కుని మొదటి దాని చోట, మొదటి డిస్కుని మూడో దాని చోట పెట్టించాడు. ఆన్ చేస్తే ఈసారి మొదటి డిస్కు మాయం!

"చూశావా? ఇది ముఠా!"

"డిస్కు మారినా చోటు అదే కదా బావా. తప్పు అక్కడికెళ్లే వైరుదేమో."

"వైర్లకి దురుద్దేశం ఉండదురా!"

అన్నిసార్లు పోయొచ్చిన మూడో డిస్కుని పెట్టె ఇంకా నమ్మడం లేదు. అంటే రెండు పోయినట్టే. ఫోటోలు తెరుచుకోలేదు. అక్క కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. నాకూ దుఃఖం ఆగలేదు.

బావ డిటెక్టివ్‌గిరీ మరిచిపోయి, ఆమెను ఓదార్చడానికి గబుక్కున లేచాడు. కోటు గుండీకి ఏదో చిక్కుకుని పెట్టెలోంచి ఫట్‌మని ఊడొచ్చింది. ఒక కరెంటు ప్లగ్గుని రెండుగా చీల్చే వైరు అది. కొస మాడి నల్లబడి ఉంది.

పెట్టె ఆపి, ఆ మాడిన వైరు బదులు మూడో చోటున్న డిస్కుకి నేరుగా కరెంటు వైరు తగిలించి మళ్లీ ఆన్ చేశాను. నాలుగు డిస్కులూ హాజరు. తెర మీద పెళ్లికూతురి నాన్న పకపకా నవ్వుతున్నాడు. అక్క కళ్లు తుడుచుకుంది.

బావ మాడిన కొసను భూతద్దంలో చూసి గర్జించాడు. "ఈ నాసిరకం వైరు పెట్టిన దద్దమ్మ ఎవడో తేలేదాకా కేసు మూయను!"

"రంగు దీపాలకి కరెంటు కావాలని మీరే పెట్టారు," అంది అక్క. "నేరస్థలానికి మళ్లీ వస్తాడన్నారుగా. వచ్చాడు."

బావ భూతద్దం జేబులో వేసుకున్నాడు.

"బామ్మర్దీ, కేసు మూసెయ్."

ఈసారి స్క్రూడ్రైవర్ అడక్కుండానే అందించాడు.