ఉల్లిగడ్డల క్యాబినెట్

గేములాడే కంప్యూటర్‌ను రెడీమేడ్‌గా కొనకూడదు, ఒక్కో సామాను ఏరి తెచ్చి కట్టించుకోవాలి. వేగం కోసమని మీరనుకుంటారు. కాదు, భార్యకు తెలియకుండా ఉండటం కోసం. పెద్ద సామాను ఒకేసారి ఇంటికొస్తే పెద్ద గొడవ కూడా ఒకేసారి వస్తుంది.

అది రెండువేల నాలుగు. కండ్లకోయ నెట్ సెంటర్లో కారు రేసు రుచి మరిగాను. మేడ్చల్‌లో మా ఇంట్లోనే ఒంటిమీద బనీనుతో కూర్చుని ఆడాలని ప్రాణం కొట్టుకుంటోంది. ముందుగా, అన్నీ బిగించే ఇనుప క్యాబినెట్ తెచ్చాను.

"ఏందయ్యా గీ డబ్బా?" అంది మా వినోద.

"ఉల్లిగడ్డలకు. సుట్టూ జాలీ ఉంది జూడు, గాలాడుతది."

"గింత మంచి డబ్బా ఉల్లిగడ్డలకా?"

"నీ వంటింట్ల ఏదైనా మంచిగనే ఉండాలె."

ఆమె మురిసిపోయింది. నా తెలివికి నేనూ మురిసిపోయాను.

తర్వాత అన్నిటికన్నా ఖరీదైన గేమ్ కార్డు వచ్చింది. ఫ్రిజ్ మీద పెడితే కరెంటు బిల్లు తగ్గుతుందని చెప్పాను. పాపం, నమ్మి దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. తుడవబోతే "కండ్లు పోతయ్" అంది.

చివరి సామాను వచ్చిన ఆదివారం, బిగించడానికి నెట్ సెంటర్లో పనిచేసే మా ఎల్లేష్ స్క్రూడ్రైవర్‌తో దిగాడు. క్యాబినెట్ మూత తీసి నావంక చూశాడు. లోపల పైదాకా ఉల్లిగడ్డలు.

చప్పుడు కాకుండా ఒక్కొక్కటే బయట పెడుతుంటే, వినోద పక్కింటి సిద్దమ్మను వెంటబెట్టుకొచ్చింది.

"గిదే అవ్వా ఆ డబ్బా. వానకాలమంత ఒక్కటి మురగలే."

"మస్తుగుంది. ఎంత పెట్టి కొన్నా దండుగ కాదంటవా, బిడ్డా?" అని సిద్దమ్మ నన్నే అడిగింది.

అది కంప్యూటర్ డబ్బా అంటే ఇన్నాళ్ల అబద్ధం బయటపడుతుంది. ఎల్లేష్ గోడవైపు తిరిగి నవ్వుతున్నాడు.

"కాదవ్వా," అన్నాను.

సిద్దమ్మ వెళ్లాక వినోద ఉల్లిగడ్డలన్నీ మళ్లీ లోపల సర్దింది.

"కండ్లకోయల నువ్వు కారు రేసు ఆడుడు బస్సు కిటికీలకెళ్లి ఎన్నిసార్లు జూసిన్నో. ఆడ గూడ గిసొంటి డబ్బానే ఉంది. సక్కగ అడిగితే నేనొద్దంటనా?"

సిగ్గుతో తల దించుకున్నాను. "మరి ఇగ బిగించుకోనా?"

"బిగించుకో. పాత ఉల్లిగడ్డల గంప అటక మీద ఖాళీగుంది, దాంట్ల బిగించుకో."

గంపలోనే బిగించాం. బాగానే పనిచేసింది. వినోద రేసు అయిపోయాక నా వంతు వచ్చేది.