నక్కగారికో వీధిదీపం

ప్రతి కాలనీకీ ఒక నక్క ఉండాలి! బడి, ఆసుపత్రి, బస్టాపు ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ముందు నక్క. మీ వీధిలో నక్క లేకపోతే ఈ పత్రిక పక్కన పెట్టి, ఎక్కడినుంచైనా ఒకదాన్ని తెప్పించుకోండి. మీరొచ్చాకే మిగతాది చెబుతాను.

నవ్వకండి. ఐర్లాండులో మాంద్యం ముదిరిన 2010లో, డబ్లిన్ శివారు ఎస్టేటు ఒకదాంట్లో జరిగిన సంగతి ఇది. ఎస్టేటంటే కొబ్బరితోట కాదు, మన కాలనీ లాంటిదే. నూట ఇరవై ఇళ్ళు కడతానన్న బిల్డరు నలభై ఒకటి కట్టి, ఇప్పుడే టీ తాగి వస్తానన్నవాడిలా వెళ్ళిపోయాడు. వీధిదీపాల స్తంభాలు మాత్రం పాతి వెళ్ళాడు. కరెంటు ఇవ్వలేదు. పెళ్ళికొడుకు దిగని విడిదింటి ముందు బ్యాండువాళ్ళలా అవి మూడేళ్ళుగా నిలబడే ఉన్నాయి.

అక్కడ పద్నాలుగో నంబరు ఇంట్లో సుధేష్ణ ఉంటుంది. కాకినాడలో చదివి అక్కడి బోమాంట్ ఆసుపత్రిలో పనిచేస్తున్న డాక్టరు. భర్త త్రినాథ్‌కి డబ్లిన్‌లో ఉద్యోగం పోయి, దేశానికి అటు చివరున్న గాల్వేలో దొరికింది. అతనూ, వాళ్ళకున్న ఒక్క కారూ శుక్రవారానికి గానీ ఇల్లు చేరరు. చలికాలంలో ఆ దేశంలో నాలుగున్నరకే చీకటి. ఆవిడ ఐదున్నరకి బస్సు దిగి, సెల్‌ఫోను వెలుగులో, బిల్డరు తవ్వి మరిచిపోయిన గోతుల మధ్య ఫర్లాంగు దూరం నడవాలి. కిందటేడు ఓ గోతిలో పడి చెయ్యి విరగ్గొట్టుకుని, తను పనిచేసే చోటే పేషెంటుగా క్యూలో కూర్చుంది.

"ఈ చలికాలం కూడా దీపాలు రాకపోతే నేను పాపని తీసుకుని ఆస్ట్రేలియా పోతా. శుక్రవారాలు మీరు అక్కడికే రండి" అని మొగుడికి చెప్పేసింది. వేళాకోళం కాదు, అప్లికేషను నింపి బీరువాలో పెట్టింది కూడా.

కౌన్సిలుకి, అంటే అక్కడి మునిసిపాలిటీకి, పదకొండు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికీ జవాబు లేదు. ఎస్టేటు కమిటీ ప్రెసిడెంటు డెక్లన్ మాత్రం ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. "చూడు డాక్టర్, ఎస్టేటు కౌన్సిల్ది కాదు, బిల్డరుది. బిల్డరు లేడు. కాబట్టి దీపాలు లేవు. మిగతాదంతా గ్రాండ్!"

ఇక్కడ ప్రవేశించాడు మన కథానాయకుడు.

అక్టోబరులో సుధేష్ణ మావగారి తద్దినం వచ్చింది. చూడ్డానికొచ్చి ఆర్నెల్లు ఉండబోతున్న అత్తగారు గిరిజాకుమారి వెనకగోడ మీద కాకికి ముద్ద పెట్టి గంటసేపు చలిలో నిలబడింది. కాకి రాలేదు. ఎవరూ చేరని ఖాళీ ఇళ్ళ వైపునుంచి, కంచె కింది కన్నంలోంచి ఎర్రటి నక్క వచ్చింది. గోడెక్కి, ముద్ద తిని, మూతి తుడుచుకుంది.

"నానమ్మా, దట్స్ అ ఫాక్స్!" అంది పదేళ్ళ శ్రీజ.

"నక్కేవిటే, మీ తాతయ్య! ఆయనా అంతే, విస్తరి వెయ్యకముందే వొచ్చి కూచునేవారు."

ఆ రోజునుంచి తాతయ్యకి పూటపూటా పెరుగన్నం. కోడలు వద్దని మొత్తుకున్నా ఆగలేదు. నక్క బలిసింది, ధైర్యం పెరిగింది, ఓ రోజు డెక్లన్ బూటొకటి ఎత్తుకుపోయింది. కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. డెక్లన్ కౌన్సిలుకి ఫోను చేశాడు.

పాఠకులారా, ఎన్నాళ్ళకి వచ్చారో చెప్పుకోండి! ఆర్నెల్లకా? ఏడాదికా? మూడో రోజుకి! పచ్చ జాకెట్టు తొడుక్కుని, కరపత్రాల కట్ట పట్టుకుని ఆఫీసరు స్వయంగా దిగాడు.

"నక్కకి తిండి పెట్టకండి. చెత్తడబ్బాల మూతలు బిగించండి. చీకట్లో ఎదురైతే గట్టిగా చప్పట్లు కొట్టండి" అన్నాడు.

"చీకట్లో ఎదురైందని ఎలా తెలుస్తుందండీ?" అంది సుధేష్ణ.

"మంచి ప్రశ్న" అని ఆఫీసరు రాసుకున్నాడు. "కానీ దీపాలు నా డిపార్టుమెంటు కాదు."

వారం తిరక్కుండా నక్క రాకపోకల మీద సర్వే మంజూరైంది. మూడో స్తంభానికి ఒక కెమెరా, దాని మీద బ్యాటరీ దీపం బిగించారు. అబ్బ, ఏం దీపం! రోడ్డంతా పట్టపగలే! కానీ దాని సెన్సరు చూపంతా కంచె కింది కన్నం మీదే. నక్క బయటికొస్తే మూడు నిమిషాలు వెలుగుతుంది. రోడ్డు మీద మనుషులు చిందులు తొక్కినా వెలగదు.

సుధేష్ణ చూసింది. పెద్ద చదువులు చదివిన బుర్ర కదా, ఊరికే ఉంటుందా?

"అత్తయ్యా, రేపట్నుంచి మావయ్యగారి భోజనం స్తంభం దగ్గర. బస్సు దిగగానే ఫోను చేస్తా, అప్పుడు పెట్టండి."

"ఐదున్నర దాకానా? ఆయన ఆకలికి ఆగలేరమ్మా."

"ఆగుతారు. ఉద్యోగంలో చేరారుగా!"

నవంబరంతా దివ్యంగా నడిచింది. ముద్ద పడేది, నక్క వచ్చేది, దీపం వెలిగేది, వెనకాలే డాక్టరుగారు గోతులు తప్పించుకుంటూ దర్జాగా ఇల్లు చేరేవారు. సంగతి తెలిసి ఆరుంబావు బస్సు దిగేవాళ్ళు సాసేజీలు పెట్టడం మొదలెట్టారు. తిండి పెట్టకూడదని తీర్మానం చేసిన కమిటీయే వంతుల పట్టిక గీసింది. నక్కని మనం అదుపు చేస్తున్నామా, అది మనల్ని అదుపు చేస్తోందా అని అడక్కండి. ఎవరో ఒకరు బాధ్యత తీసుకున్నారు, అంతే చాలదూ? సుధేష్ణ బీరువాలోని అప్లికేషను సంగతే మరిచిపోయింది.

డిసెంబరు మొదటివారంలో కౌన్సిలు నుంచి ఉత్తరం వచ్చింది, సుధేష్ణ పేరు మీద.  ఆవిడ కవరు చింపి, అత్తగారికి తెలుగులో చదివి వినిపించింది.

"అమ్మా, మీరు ప్రతి సాయంత్రం సదరు జంతువును వెంబడిస్తున్నట్టు మా ఫోటోల్లో స్పష్టంగా ఉన్నది. దాని సహజ సంచారానికి భంగం కలగకుండా, దీపం వెలిగి ఉన్నంతసేపూ మీరు ఆ దారిన నడవవద్దని మనవి. మీ పేరు, చిరునామా మీరు లోగడ రాసిన పదకొండు ఉత్తరాల నుంచి గ్రహించడమైనది."

సుధేష్ణ ఉత్తరం బల్ల మీద పడేసింది. గిరిజాకుమారి ఆ కాగితం అందుకుని, ఇంగ్లీషు చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసింది.

"పోన్లే అమ్మాయ్" అంది. "ఈ వీధిలో నువ్వొకదానివి ఉన్నావని మూడేళ్ళకి తెలిసింది వాళ్ళకి."