మిద్దె మీద దిగిన మైసూర్‌పాక్

"ఆ సినిమాలో విమానంలో దొంగసరుకు తోలేవాణ్ణి ఆఖర్న కాల్చి పారేసినారు గదయ్యా! మన నవీన కూడా పైలటే. దాన్నీ అట్లే కాలిస్తే?"

టీవీ ఆపి అరగంటైనా చంద్రకాంతమ్మ ఆ సినిమాను వదల్లేదు.

"వాడిది విమానం. మన పిల్ల మామిడి తోటలకు మందు కొట్టే డ్రోన్ తోల్తాది. దాన్నెవడు కాలుస్తాడే?" అన్నాడు సుబ్రమణ్యం.

"తోటల్లో ఏనుగుల్ని తరిమేదానికి పేల్చే టపాకాయ తగిలితే?"

నవీనకు నాయుడుపేటలో డ్రోన్ల ఉద్యోగం వచ్చింది. తల్లి సరేననడం లేదు. సుబ్రమణ్యం దిగులు వేరు. ఆయనకు షుగరొచ్చినప్పటి నుంచి వాకిట్లో చంద్రకాంతమ్మే చెక్‌పోస్టు. జేబులు తడుముతుంది, నోరు వాసన చూస్తుంది. ఆకాశంలో మాత్రం చెక్‌పోస్టు లేదని సినిమా చూశాకే ఆయనకు తెలిసొచ్చింది.

కూతుర్ని పక్కకు పిలిచాడు.

"పాపా, రోడ్డు మీద అంగట్లో మైసూర్‌పాక్ కట్టించి నీ దగ్గరుండే డ్రోన్‌కు తగిలించు. కొట్టం వెనక నా పసుపు కండువా పరుస్తా, దానిమీద దించు. మీయమ్మను ఒప్పించే పూచీ నాది."

మర్నాడు మధ్యాహ్నం ఆయన కొట్టం వెనక నోరు తెరుచుకుని నిలబడ్డాడు. డ్రోన్ వచ్చింది. కరెంటు తీగలు దాటింది, టెంకాయ చెట్లు దాటింది, ఆయన్నీ దాటింది!

మిద్దె మీద చంద్రకాంతమ్మ చాపల నిండా మామిడి తాండ్ర ఆరబెడుతోంది. పసుపంటే అదీ పసుపు. నెత్తిన రొద వినగానే చేట అడ్డం పెట్టుకుని కూలబడింది.

"కాల్చొద్దండి సామీ, మా పిల్లకేం తెలీదు!"

పొట్లం మెల్లగా తాండ్ర నడిమధ్యన దిగి అతుక్కుంది.

సుబ్రమణ్యం రొప్పుతూ మెట్లెక్కేసరికి ఆమె పొట్లం విప్పేసింది.

"ఇదేందయ్యా?"

"తోటకు... ఎరువు."

"ఎరువులో నెయ్యి కారతా ఉండాదే!"

ఆయన పొట్లానికి చెయ్యి అడ్డం పెట్టాడు. అంతలో నవీన రిమోటుతో పరిగెత్తుకొచ్చింది.

"గురి తప్పినావు గదే పాపా!" అని గొణిగాడు.

"తప్పలేదు నాయనా" అని, తల్లివైపు తిరిగింది. "సూసినావు గదమా? తీగలకు తగల్లేదు, నీ తాండ్ర చిరగలేదు. నాయుడుపేటకు పోనా?"

చంద్రకాంతమ్మ పొట్లం దిగినచోట తాండ్రను వేలితో తడిమి చూసింది. ఒక్క చీలిక లేదు. ఆకాశాన్ని చూసింది, తీగల్ని చూసింది, పొట్లం వైపు జరుగుతున్న మొగుడి చేతిమీద ఒక్కటిచ్చుకుంది. పిట్టగోడ నీడ చాప మీదికి పాకింది.

చివరికి మైసూర్‌పాక్ ఓ ముక్క తుంచి కూతురి నోట్లో పెట్టింది.

"పోయిరా. తీగలు సూసుకోని తోలు. మీ నాయన సరుకు మాత్రం ఎప్పుడైనా నేరుగా నాకే దించు."